ఫోన్‌లో మోసం జరిగితే మొదటి గంటలో ఏం చేయాలి? సైబర్ పోలీసులు దొంగను ఎలా పట్టుకుంటారు?

ప్రాసెసర్, ర్యామ్, కెమెరా గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి ఏ రివ్యూలోనూ స్కోరు ఇవ్వని విషయం ఒకటి మాట్లాడుకుందాం. ఈ ఫోన్ ద్వారా మన డబ్బు పోతే ఏం జరుగుతుంది? పోలీసులు నిజంగా ఏం చేయగలరు? మనం ఏం చేస్తే వాళ్ళ పని తేలికవుతుంది?

ఇది పెద్ద ఊళ్ళ సమస్య మాత్రమే కాదు. 2024లో దేశం మొత్తం మీద సైబర్ మోసాల వల్ల జనం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఇది 7,465 కోట్లు. అంటే ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. కడప–కర్నూలు, ప్రొద్దుటూరు–బద్వేలు రోడ్లు కలిసే మన మైదుకూరులో ఇప్పుడు టీ బంకు నుంచి పసుపు వ్యాపారి దాకా అందరి దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంది. క్యూఆర్ కోడ్ చేరిన ప్రతి చోటికీ దొంగ కూడా చేరగలడు.

ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఈ ఆర్టికల్ మొత్తం అర్థమవుతుంది. ఎక్కువ కేసుల్లో దొంగ మన ఫోన్ తాళం పగలగొట్టడు, మనతోనే తీయిస్తాడు. తీసిన తర్వాత పోలీసులకు ఉండేది రెండే ఆధారాలు: డబ్బు వెళ్ళిన దారి, ఫోన్‌లో మిగిలిన గుర్తులు. మొదటిది గంటల్లో చెరిగిపోతుంది. రెండోదాన్ని చాలాసార్లు మనమే భయపడి చెరిపేస్తాం.

తాళం మనతో ఎలా తీయిస్తారు?

*1. ఏపీకే ఫైల్*

వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పేరు "పీఎం కిసాన్" అనో, "ట్రాఫిక్ చలానా" అనో, "పెళ్ళి పత్రిక" అనో ఉంటుంది. చివర్లో ఏపీకే అని ఉంటే అది ఫోటో కాదు, పీడీఎఫ్ కాదు, ఒక యాప్. తెలిసినవాళ్ళ నంబర్ నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ళ ఫోన్ ఇప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు.

ఇన్‌స్టాల్ చేస్తే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. యాప్ ముందు ఎస్ఎంఎస్ అనుమతి అడుగుతుంది. ఆ తర్వాత "మీ ఖాతా వెరిఫై చేయండి" అంటూ ఒక ఫారం చూపిస్తుంది. అందులో డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ తేదీ అడుగుతుంది. ఇవే ఎందుకు? యూపీఐ ఎలా పని చేస్తుందో తెలిస్తే సమాధానం దొరుకుతుంది. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెట్టినప్పుడు ఆ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ వెళ్తుంది. "ఈ నంబర్ ఈ ఫోన్‌లోనే ఉంది" అని బ్యాంకు నమ్మేది దాన్ని చూసే. మీ ఫోన్‌లో కూర్చున్న దొంగ యాప్‌కు ఎస్ఎంఎస్ పంపే అనుమతి ఉంటే, ఆ మెసేజ్ మీ సిమ్ నుంచే పంపేస్తుంది. యూపీఐ పిన్ కొత్తగా పెట్టాలంటే కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ, ఓటీపీ కావాలి. మొదటి రెండూ మీరు ఫారంలో రాసి ఇచ్చారు. ఓటీపీ యాప్ చదివేసింది. ఇక మీ ఖాతా ఎక్కడో ఉన్న వేరే ఫోన్‌లో తెరుచుకుంటుంది.

అంటే ఫోన్ 10 వేలదైనా లక్షదైనా, ఆ అనుమతి ఇచ్చాక ఒకటే. ఆండ్రాయిడ్ కొంత అడ్డం పడుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి నుంచి తెచ్చి పెట్టిన యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి నేరుగా ఇవ్వనివ్వదు. ఎస్ఎంఎస్, నోటిఫికేషన్ లాంటి సున్నితమైన అనుమతులు అడిగే బయటి యాప్‌లను ప్లే ప్రొటెక్ట్ ఆపే పద్ధతిని గూగుల్ 2024 చివర్లో మన దేశంలో మొదలుపెట్టింది. అందుకే దొంగ మెసేజ్‌లో "ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయండి" అన్న లైను కూడా ఉంటుంది. ఆ లైను కనపడిందంటే అది దొంగ యాప్ అని తేలిపోయినట్టే.

*2. కాల్ ఫార్వర్డింగ్*

"మీ సిమ్ ఆగిపోతుంది, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబర్ డయల్ చేయండి" అంటారు. అది మీ కాల్స్ అన్నీ వేరే నంబర్‌కు మళ్ళించే కోడ్. తర్వాత ఓటీపీని ఫోన్ కాల్ రూపంలో అడిగితే అది దొంగకే వెళ్తుంది. ఈ మోసాలు పెరగడంతో కోడ్ ద్వారా కాల్ ఫార్వర్డింగ్ చేసే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. అనుమానం ఉంటే ##002# డయల్ చేయండి. ఫార్వర్డింగ్ ఏదైనా ఉంటే రద్దవుతుంది.

*3. స్క్రీన్ షేరింగ్*

"కస్టమర్ కేర్" అని గూగుల్‌లో వెతికితే దొరికిన నంబర్‌కు ఫోన్ చేస్తే, రిమోట్ యాప్ ఒకటి పెట్టుకోమంటారు. మీ స్క్రీన్ మీద వచ్చే ప్రతిదీ వాళ్ళకు కనిపిస్తుంది. కంపెనీ నంబర్ కావాలంటే ఆ కంపెనీ యాప్‌లోనో, కార్డు వెనకో చూసుకోవాలి. సెర్చ్‌లో కాదు.

*4. టెలిగ్రామ్ టాస్క్*

ఇది నేరుగా మన వయసు వాళ్ళ కోసం పన్నిన వల. "హోటల్‌కు రేటింగ్ ఇవ్వండి, రోజుకు వెయ్యి సంపాదించండి" అని మొదలవుతుంది. మొదటి రోజు నిజంగానే డబ్బు వేస్తారు. ఆ తర్వాత "ప్రీమియం టాస్క్" కోసం మీరే డబ్బు కట్టాలి. స్క్రీన్ మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, బయటికి మాత్రం రాదు.

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు సరిగ్గా ఇదే. ఒక్క బాధితుడు పోగొట్టుకున్న 28 లక్షల ఫిర్యాదుతో మొదలుపెట్టి తీగ లాగితే దేశవ్యాప్తంగా దాదాపు 15 వేల మంది, 712 కోట్ల రూపాయల మోసం బయటపడింది. 9 మందిని అరెస్టు చేశారు. డబ్బు దుబాయ్ మీదుగా క్రిప్టో కరెన్సీగా మారి చైనాలో ఉన్న అసలు సూత్రధారులకు చేరిందని పోలీసులు తేల్చారు. ఒక్క మనిషి సిగ్గుపడకుండా స్టేషన్‌కు వెళ్ళడం వల్ల ఇంత బయటికొచ్చింది.

డబ్బు ఎంత వేగంగా పరుగెడుతుంది?

మీ ఖాతా నుంచి పోయిన డబ్బు దొంగ సొంత ఖాతాలోకి వెళ్ళదు. ముందు ఒక అద్దె ఖాతాలోకి వెళ్తుంది. వీటిని పోలీసులు "మ్యూల్ అకౌంట్లు" అంటారు. కమిషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించినవాళ్ళ ఖాతాలివి. అక్కడి నుంచి నిమిషాల్లో ఐదారు ఖాతాలకు, వాటి నుంచి ఇంకో ఇరవైకి చీలుతుంది. చివర్లో ఏటీఎంలో నగదుగానో, క్రిప్టోగానో మారిపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంకు మీద జరిగిన దాడి. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు క్లిక్ చేశారు. అంతే, లోపలికి దారి దొరికింది. రెండు నెలలు ఓపికగా చూసి, ఒక వారాంతంలో 12.48 కోట్లు లాగేశారు. ఆ డబ్బు ముందు కొన్ని ఖాతాలకు, తర్వాత దేశవ్యాప్తంగా వందల ఖాతాలకు చీలి, ఏటీఎంల నుంచి నగదుగా బయటికి వెళ్ళింది. పోలీసులు వెంటపడి ఆపగలిగింది కొంత భాగమే. సైబర్ భద్రత సరిగా పాటించనందుకు ఆ బ్యాంకుకు ఆర్‌బీఐ 2023లో 65 లక్షల జరిమానా వేసింది.

బ్యాంకు అయినా, మనమైనా పాఠం ఒకటే. ఒక్క క్లిక్ చాలు, ఆ తర్వాత పోటీ అంతా సమయంతోనే.

1930కి ఫోన్ చేస్తే వెనక ఏం జరుగుతుంది?

1930 అనేది దేశం మొత్తానికీ ఒకటే సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్. 2021 ఏప్రిల్‌లో 155260 నంబర్‌తో మొదలైంది, తర్వాత 1930గా మారింది. కేంద్ర హోం శాఖ కింద ఉన్న ఐ4సీ (ఐ ఫోర్ సీ అని పలుకుతారు) దీన్ని నడుపుతుంది. ఫోన్ ఎత్తేది మాత్రం మన రాష్ట్ర పోలీసు సిబ్బందే.

మీరు వివరాలు చెప్పగానే ఒక టికెట్ తయారవుతుంది. అది మీ బ్యాంకుకు, డబ్బు చేరిన బ్యాంకుకు ఆన్‌లైన్‌లో ఒకేసారి వెళ్తుంది. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే బ్యాంకు అక్కడే ఆపేస్తుంది. ముందుకు వెళ్ళిపోయి ఉంటే, ఏ బ్యాంకుకు వెళ్ళిందో చూసి టికెట్ దాని వెంట వెళ్తుంది. ఇలా డబ్బు ఆగే దాకో, బయటికి పోయే దాకో టికెట్ పరుగెడుతుంది. అంటే ఇది దొంగకూ టికెట్‌కూ మధ్య పరుగు పందెం. మీరు రెండు గంటలు ఆలోచిస్తూ కూర్చుంటే దొంగకు రెండు గంటలు ముందే వదిలేసినట్టు.

మొదటి గంటలో చేయాల్సినవి, వరుస ప్రకారం

1. అనుమానం ఉన్న యాప్ పెట్టి ఉంటే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై ఆఫ్ చేయండి. సిమ్ తీసేస్తే ఇంకా మంచిది.

2. ఇంట్లో వేరే ఫోన్ నుంచి 1930కి చేయండి. లైను బిజీగా ఉంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో ఫిర్యాదు మొదలుపెట్టండి. మళ్ళీ మళ్ళీ ఫోన్ ప్రయత్నిస్తూనే ఉండండి.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి: బ్యాంకు పేరు, ఖాతా నంబర్, పోయిన మొత్తం, తేదీ, టైము, లావాదేవీ నంబర్. యూపీఐ అయితే 12 అంకెల నంబర్ ఒకటి ఉంటుంది, బ్యాంకు ఎస్ఎంఎస్‌లోనూ యాప్ హిస్టరీలోనూ కనిపిస్తుంది. టికెట్ పరుగెత్తేది ఈ నంబర్ పట్టుకునే.

4. బ్యాంకుకు కూడా చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి.

5. 1930 నుంచి మీకు ఎస్ఎంఎస్‌లో ఒక నంబర్ వస్తుంది. దాంతో 24 గంటల్లోపు పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి.

6. ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. ఇది మన గ్యాడ్జెట్ పిచ్చోళ్ళు ఎక్కువగా చేసే పని. చాట్ డిలీట్ చేయకండి, ఆ ఏపీకే ఫైల్ కూడా తీసేయకండి. అది ఏ సర్వర్‌తో మాట్లాడుతుందో నిపుణులు అందులోంచే తెలుసుకుంటారు. వేరే ఫోన్‌తో స్క్రీన్ ఫోటోలు తీసుకోండి.

7. ఆ తర్వాత స్టేషన్‌కు వెళ్ళండి.

ఇంట్లో తిడతారని దాచడం వల్ల పోయే డబ్బే ఎక్కువ. నాయన పసుపు అమ్మిన డబ్బు పోయిందనుకోండి, ఆయన కోపం సాయంత్రానికి తగ్గుతుంది. సాయంత్రం దాకా ఆగితే డబ్బు మాత్రం తిరిగి రాదు.

మైదుకూరు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే సరిపోతుందా? కడప వెళ్ళాలా?

సరిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కానీ 3 రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. అందుకే మండల స్టేషన్‌లో ఎస్ఐ ఫిర్యాదు తీసుకున్నా, ఫైల్ సీఐ దగ్గరికి వెళ్తుంది. సాంకేతిక సాయం జిల్లా స్థాయి సైబర్ విభాగం నుంచి అందుతుంది. మామూలుగా పెట్టేవి ఐటీ చట్టంలో 66సీ (మీ గుర్తింపును, పాస్‌వర్డ్‌ను దొంగిలించడం), 66డీ (వేరే మనిషిలా నటించి మోసం చేయడం), భారతీయ న్యాయ సంహితలో 318 (మోసం). 66సీ, 66డీ రెండిటికీ 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

పోలీసులు దొంగను ఎలా వెతుకుతారు?

సినిమాలో కీబోర్డ్ మీద పది సెకన్లు టకటక కొడితే మ్యాపులో ఎర్ర చుక్క కనిపిస్తుంది. నిజంగా జరిగేది ఎక్కువగా ఉత్తరాలు, జవాబులు, ఎక్సెల్ షీట్లు.

ముందు డబ్బు దారి. ప్రతి ఖాతా స్టేట్‌మెంటు, కేవైసీ పత్రాలు, ఏటీఎం సీసీటీవీ ఫుటేజీ బ్యాంకుల నుంచి తెప్పిస్తారు. ఏ ఖాతా ఏ ఫోన్ నంబర్‌తో నడిచింది, నెట్ బ్యాంకింగ్‌లోకి ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చారు అన్నది చూస్తారు.

తర్వాత ఫోన్ దారి. దొంగ సిమ్ మార్చినా హ్యాండ్‌సెట్ మార్చకపోతే ఐఎంఈఐ పట్టిస్తుంది. ఒకే ఐఎంఈఐలో 40 సిమ్‌లు తిరిగాయంటే అది ఇంట్లో వాడే ఫోన్ కాదని ఎవరికైనా అర్థమవుతుంది. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నేరం. మొబైల్ రిపేర్ నేర్చుకునే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఐపీ అడ్రస్. మొబైల్ డేటాలో ఒకే ఐపీని ఒకే క్షణంలో వందల మంది పంచుకుంటారు, ఎందుకంటే పాత ఐపీవీ4 అడ్రస్‌లు అందరికీ సరిపోవు. కాబట్టి ఐపీ ఒక్కటే దొరికితే చాలదు. కచ్చితమైన టైము, పోర్టు నంబర్ కూడా కావాలి. ఆ మూడూ ఉంటేనే టెలికాం కంపెనీ తన రికార్డుల్లో ఒక్క సిమ్‌ను చూపించగలదు. ఈ రికార్డులు కంపెనీలు కనీసం 2 ఏళ్ళు ఉంచాలి. మీ స్క్రీన్‌షాట్‌లో టైము కనిపించాలని పోలీసులు అడిగేది ఇందుకే.

చివరగా కోర్టు. డిజిటల్ సాక్ష్యం చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ నమూనాలో ఫైల్ హ్యాష్ విలువ రాసే చోటు కూడా ఉంది. కస్టమ్ రోమ్ డౌన్‌లోడ్ చేసినప్పుడు ఎస్‌హెచ్‌ఏ 256 సరిచూసుకుంటాం కదా, అదే ఇది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకే చాట్‌ను ఎడిట్ చేసి, గీతలు గీసి, క్రాప్ చేసి ఇవ్వకండి. అసలు ఫైల్ అలాగే ఉంచండి.

అన్నీ సరిగ్గా చేసినా కేసు ఆగిపోయే చోట్లు ఉన్నాయి. సర్వర్ విదేశంలో ఉంటే సమాచారం రావడానికి నెలలు పడుతుంది. డబ్బు క్రిప్టోగా మారితే ఇంకా కష్టం. చాలా కేసుల్లో ముందు దొరికేది అద్దె ఖాతా ఇచ్చినవాడే, సూత్రధారి కాదు.

ఖాతా, సిమ్ అద్దెకు ఇస్తే ఏమవుతుంది?

"నీ అకౌంట్ నెల రోజులు ఇవ్వు, 10 వేలు ఇస్తాం" అని కాలేజీ పిల్లలను అడుగుతారు. డబ్బు దారిలో మొదటి పేరు మీదే. పోలీసులు వచ్చేది మీ ఇంటికే. "నాకు తెలియదు సార్" అన్న మాటతో కేసు పోదు.

మన పేరు మీద మనకు తెలియకుండా సిమ్‌లు ఉండే ప్రమాదం కూడా ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ డీలర్ భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీదున్న వేలిముద్రలను ఆన్‌లైన్‌లో తీసుకుని, రబ్బరు ముద్రలుగా చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అదీ కంపెనీ టార్గెట్ కోసం! కాబట్టి ఈ రెండు పనులు ఈ రోజే చేయండి. సంచార్ సాథీ యాప్‌లోనో సైట్‌లోనో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, మీవి కానివి రిపోర్ట్ చేయండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి ఇంట్లో ఎవరూ వాడకపోతే అందరికీ పెట్టొచ్చు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నారా? అమ్ముతున్నారా?

మన పాఠకుల్లో సగం మంది ఈ పని చేసేవాళ్ళే కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

కొనేటప్పుడు: *#06# కొట్టి ఐఎంఈఐ చూడండి. మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో వస్తే ఫోన్ తిరిగి ఇచ్చేయండి. బిల్లు, అమ్మినవారి గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి. దొంగ ఫోన్ కొంటే, దాంట్లో మీ సిమ్ పడిన రోజే పోలీసులకు మీ నంబర్ వెళ్తుంది.

అమ్మేటప్పుడు: ముక్కూ మొహం తెలియని మనిషి యూపీఐలో డబ్బు వేశాడనుకోండి. అది ఎక్కడో ఒక బాధితుడి డబ్బు అయితే, పైన చెప్పిన టికెట్ వెంబడిస్తూ వచ్చి మీ ఖాతాలో ఆగుతుంది. ఏ తప్పూ చేయకపోయినా మీ ఖాతా హోల్డ్‌లో పడొచ్చు. అలాంటప్పుడు అమ్మకం రసీదు, చాట్, కొన్నవారి వివరాలు చూపిస్తేనే బయటపడతారు. కాబట్టి 15 వేల ఫోన్ అమ్మినా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోండి. "పొరపాటున ఎక్కువ వేశాం, తిరిగి పంపు అన్నా" అని ఎవరైనా అడిగితే నేరుగా పంపకండి, బ్యాంకు ద్వారా చేయమనండి.

ఫోన్ పోతే: స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకుని, సంచార్ సాథీలోని సీఈఐఆర్‌లో బ్లాక్ చేయండి. ఎవరైనా దాంట్లో కొత్త సిమ్ వేస్తే సమాచారం పోలీసులకు చేరుతుంది. మన రాయలసీమ జిల్లాల పోలీసులు అప్పుడప్పుడూ వందల ఫోన్లు వరుసగా టేబుల్ మీద పెట్టి యజమానులకు తిరిగిస్తున్న ఫోటోలు చూస్తుంటాం కదా, అవి ఎక్కువగా ఇలా ఐఎంఈఐ పట్టుకుని వెతికినవే.

విదేశంలో "డేటా ఎంట్రీ" ఉద్యోగం

కువైట్‌కు పోయినోళ్ళు లేని వీధి మన కడప జిల్లాలో తక్కువ. ఏజెంటు మాట మీద విమానం ఎక్కడం మనకు కొత్త కాదు. కానీ ఇప్పుడు కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ళకు వేరే వల ఉంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేసి ఒక విషయం బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఆంధ్ర కుర్రాళ్ళను కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, తిండి పెట్టక, కొట్టి, మన దేశంలోని వాళ్ళకే ఫోన్ చేసి మోసం చేసే పని చేయించారు. అదే నెలలో సిహనూక్‌విల్‌లో వందల మంది భారతీయులు ఎదురు తిరిగారు. భారత రాయబార కార్యాలయం సాయంతో కొందరు ఇంటికి చేరారు.

అంటే మీకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడేవాడు కొన్నిసార్లు మనలాంటి కుర్రాడే, బందీగా ఉన్నవాడు. ఏజెంటు అడిగితే ముందు ఈమైగ్రేట్ సైట్‌లో అతని రిజిస్ట్రేషన్ చూడండి. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగమంటే ఆగిపోండి.

పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

హోల్డ్‌లో పడిన డబ్బు వరకు వచ్చే అవకాశం ఉంది. దానికి చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు, కాబట్టి కేసు పరిస్థితి సీఐ దగ్గర కనుక్కుంటూ ఉండాలి. తెలంగాణలో ఇలాంటి సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా కూడా బాధితులకు ఇప్పిస్తున్నారు.

బ్యాంకు బాధ్యత సంగతి: ఆర్‌బీఐ 2017 జులై 6 సర్క్యులర్ ప్రకారం మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోతే, 3 పని దినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండదు. మీరే ఓటీపీ, పిన్ ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన డబ్బు మీ నష్టమే. చెప్పిన తర్వాత పోయినదానికి బ్యాంకే బాధ్యత. చెప్పిన టైము రికార్డులో ఉండటం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలిసింది కదా. బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు.

ఇంకో హెచ్చరిక. ఫిర్యాదు చేశాక "మేం సైబర్ సెల్, మీ డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే అది రెండో మోసం. పోలీసులు డబ్బు తెప్పించడానికి ఫీజు తీసుకోరు.

మరో మూడు సందేహాలు

*వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో కనిపించి "డిజిటల్ అరెస్ట్" అంటే?* మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో కార్యక్రమంలో కూడా ఇదే చెప్పారు. కట్ చేసి 1930కి చేయండి.

*లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామంటే?* కట్టకండి. ఒకసారి కడితే మళ్ళీ అడుగుతారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్లపై దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో ఆర్‌బీఐ, లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు, కాల్ లాగ్ చూడకూడదని నియమం పెట్టింది. కాంటాక్ట్స్ అనుమతి అడిగే లోన్ యాప్ నియమం తప్పినట్టే.

*ఆడపిల్లల ఫోటోలతో బెదిరిస్తే?* సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ అమ్మాయి తప్పేం లేదని ముందు ఇంట్లో వాళ్ళు చెప్పాలి.

ఈ రాత్రి 10 నిమిషాల్లో చేసే సెట్టింగ్స్

- తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్ అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఆఫ్. ప్లే ప్రొటెక్ట్ ఆన్.
- ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు ఏ యాప్‌లకు ఉన్నాయో ఒకసారి చూసి, అక్కర్లేనివి తీసేయండి.
- వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్. లింక్డ్ డివైజెస్‌లో మీది కానిది ఉంటే లాగ్ అవుట్.
- సిమ్ పిన్ పెట్టండి. ఫోన్ పోతే సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసినా ఓటీపీ రాదు. కంపెనీ ఇచ్చిన పాత పిన్ తెలియకుండా ఊహించి కొట్టకండి, మూడుసార్లు తప్పితే లాక్ అవుతుంది.
- ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్, ఐఫోన్‌లో స్టోలెన్ డివైజ్ ప్రొటెక్షన్ ఆన్.
- యూపీఐకి పెద్ద మొత్తం ఉన్న ఖాతా కాకుండా చిన్న ఖాతా లింక్ చేయండి.
- డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతుందని.

ఇవన్నీ మీ ఫోన్‌లో చేశాక అమ్మ, నాయన, జేజి ఫోన్లలో కూడా చేయండి. ఇంట్లో కొత్త ఫోన్ కొంటే ఏ మోడల్ అని అడిగేది మిమ్మల్నే కదా. ఆ ఫోన్ సెటప్ చేసి చేతికిచ్చేటప్పుడే కాంటాక్ట్స్‌లో మొదట కనపడేలా 1930 సేవ్ చేసి, ఎప్పుడు చేయాలో ఒకసారి చెప్పి ఇవ్వండి.